రెండోసారి డెంగీ ఎందుకు ముదురుతుంది? రక్షణ కణాల లెక్క ఎక్కడ తప్పుతుంది?

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. ఒంట్లో వైరస్ చేరితే ఏ కణం ఏం చేస్తుంది, ఒకదాని కబురు ఇంకోదానికి ఎలా అందుతుంది? ఒకసారి డెంగీ వచ్చి తగ్గినవాళ్లకి రెండోసారి ఎందుకు ముదురుతుంది? ఇమ్యూనిటీ పెంచుకుంటే ప్లేట్‌లెట్లు పడిపోకుండా ఆపొచ్చా? మూడూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నవే కాబట్టి విడదీయకుండా చెబుతాను. డెంగీలో మనిషిని ఐసీయూ దాకా తీసుకెళ్లేది ఎక్కువసార్లు మన కణాల పనే. అవి బలహీనంగా ఉండి కాదు, గురి తప్పి, వేళ తప్పి పనిచేసినందుకు. అందుకే ఇమ్యూనిటీ పొడుల గురించి ఎవరైనా అడిగితే, రోజూ డెంగీ రక్తపరీక్షల రిపోర్టులు చూసే మాబోటివాళ్లకి వెంటనే వచ్చే ఎదురు ప్రశ్న ఒకటే: పెంచాల్సింది ఏ కణాన్ని, జ్వరం ఎన్నో రోజున?

మొదటి నుంచీ వద్దాం. ఏడిస్ దోమ కుట్టినప్పుడు వైరస్ చర్మంలోకి చేరుతుంది. జ్వరం మొదలవడానికి 4 నుంచి 10 రోజులు పడుతుంది. ఈ మధ్యకాలంలో మనకేమీ తెలియదు గానీ, లోపల చాలా జరుగుతుంది. చర్మంలో డెండ్రిటిక్ కణాలని ఉంటాయి. బయటి నుంచి వచ్చినదాన్ని మింగి, ముక్కలు చేసి, ఆ ముక్కల్ని టి కణాలకి (వైరస్‌ని గుర్తుపట్టి దాడి నడిపించే తెల్లకణాలకి) చూపించడం వాటి ఉద్యోగం. డెంగీ వైరస్ మొట్టమొదట దూరేది వీటిలోకే. కాపలావాడినే పట్టుకుంటుందన్నమాట.

కణంలోకి వెళ్లాక వైరస్ తన ఆర్‌ఎన్‌ఏని, అంటే జన్యుపదార్థాన్ని, బయటపెట్టక తప్పదు. దాన్ని పసిగట్టే ప్రొటీన్లు కణంలో ముందే సిద్ధంగా ఉంటాయి: రిగ్-ఐ, ఎండీఏ-5, టీఎల్‌ఆర్-7 లాంటివి. వాటికి తగలగానే కొన్ని గంటల్లో ఇంటర్‌ఫెరాన్ అనే హెచ్చరిక ప్రొటీన్ తయారవుతుంది. దీన్ని 1957లో లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మాన్ అనే శాస్త్రవేత్తలు కనిపెట్టారు. ఇంటర్‌ఫెరాన్ తనంతట తాను వైరస్‌ని చంపదు. పక్క కణాలకి తగిలి వాటిలో కొన్ని వందల జన్యువుల్ని మేల్కొలుపుతుంది. ఆ కణాలు వైరస్ ఆర్‌ఎన్‌ఏని తుంచే ఎంజైములు తయారుచేసుకుంటాయి, ప్రొటీన్ల తయారీ తగ్గించుకుంటాయి. అప్పుడు వైరస్ వచ్చినా అక్కడ పంట పండదు.

డెంగీ దీన్ని ఊరికే వదలదు. దాని ఎన్‌ఎస్5 ప్రొటీన్, ఇంటర్‌ఫెరాన్ కబురుని కణం లోపలికి చేరవేసే స్టాట్-2ని నాశనం చేయిస్తుంది. ఇంకో ప్రొటీన్ ఎన్‌ఎస్2బీ3 ప్రమాద సంకేతాన్ని అందించే స్టింగ్‌ని కోసేస్తుంది. అంటే వైరస్ దూరిన కణాల్లో హెచ్చరిక మూగబోతుంది, వైరస్ దూరని కణాల్లో మాత్రం మోగుతుంది. జ్వరం, కళ్ల వెనక నొప్పి, ఎముకలు విరిచేసినట్టుండే ఒళ్లునొప్పులు చాలావరకు ఈ ఇంటర్‌ఫెరాన్, దానితోపాటు వచ్చే ఐఎల్-6 లాంటి రసాయనాల వల్లే. ఎముక మజ్జ పని మందగించడంలోనూ వీటికి వాటా ఉంది. అందుకే రిపోర్టులో మొదట పడేది ప్లేట్‌లెట్లు కాదు, తెల్లకణాలు.

ఈ దశలోనే ఎన్‌కే కణాలు (నేచురల్ కిల్లర్, అంటే అనుమానం వచ్చిన కణాన్ని నేరుగా చంపే తెల్లకణాలు) రంగంలోకి దిగుతాయి. మన కణాలు దాదాపు అన్నీ తమ లోపల ఏం తయారవుతోందో చిన్న ముక్కలుగా పైకి పెట్టి చూపిస్తుంటాయి. ఆ ముక్కల్ని పట్టుకుని చూపించేవి ఎంహెచ్‌సీ క్లాస్-1 అణువులు. వైరస్ వీటిని మాయం చేస్తే, సోకిన కణాల్ని చంపే సీడీ8 టి కణానికి కనిపించకుండా తప్పించుకోవచ్చు. కానీ అవి లేని కణాన్ని ఎన్‌కే కణం అనుమానిస్తుంది, చంపుతుంది. ఒకదాని కన్ను కప్పితే ఇంకోదాని కంట పడే ఏర్పాటు ఇది. డెంగీ కుటుంబం వైరస్‌లు తెలివైనవి, క్లాస్-1ని తగ్గించవు సరికదా పెంచుతాయి. ఎన్‌కే కణాన్ని బుజ్జగించి, తర్వాత వచ్చే టి కణానికి దొరికిపోవడం. ఆ లోపు వాటికి కావలసిన నాలుగైదు రోజులు దొరుకుతాయి.

ఇక అసలు సహకారం జరిగే చోటు లింఫ్ గ్రంథి. జ్వరంలో మెడకిందో గజ్జల్లోనో బిళ్ల కట్టిందంటామే, అదే. చర్మంలోంచి బయల్దేరిన డెండ్రిటిక్ కణం ఒకటి రెండు రోజుల్లో అక్కడికి చేరుతుంది. దాని చేతిలో ఉన్న వైరస్ ముక్కకి సరిగ్గా సరిపోయే టి కణాలు, ఎప్పుడూ ఆ వైరస్‌ని చూడని మనిషిలో, లక్ష నుంచి పది లక్షల్లో ఒకటి మాత్రమే ఉంటాయి. టి కణాలు ఒక గ్రంథిలో దాదాపు రోజంతా తిరిగి, ఏమీ దొరక్కపోతే ఇంకో గ్రంథికి వెళ్తాయి. సరైనది తగిలేదాకా డెండ్రిటిక్ కణం గంటకి వందలకొద్దీ టి కణాల్ని తాకుతుంది. మొదటిసారి వచ్చిన వైరస్‌కి వారం పట్టడానికి ఒక కారణం ఈ వెతుకులాటే.

దొరికాక కూడా టి కణం వెంటనే కదలదు. బ్యాంకు లాకరుకి రెండు తాళంచెవులు కావాలి కదా, ఇదీ అంతే. మొదటిది వైరస్ ముక్క. రెండోది డెండ్రిటిక్ కణం ఉపరితలం మీద ఉండే సీడీ80, సీడీ86 అణువులు. ఇవి టి కణం మీది సీడీ28కి తగలాలి. డెండ్రిటిక్ కణం వీటిని ఎక్కువగా బయటపెట్టేది లోపల ఏదో ప్రమాదం పసిగట్టినప్పుడే. మొదటిది మాత్రమే ఉండి రెండోది లేకపోతే టి కణం మొద్దుబారిపోతుంది, తర్వాత పిలిచినా పలకదు. మన సొంత ప్రొటీన్ల మీద టి కణాలు విరుచుకుపడకుండా కాపాడే ఏర్పాట్లలో ఇదొకటి. చాలా టీకాల్లో అల్యూమినియం లవణం లాంటివి కలపడం వెనకున్నదీ ఇదే: శుద్ధిచేసిన ప్రొటీన్ ఒక్కటే ఇస్తే ప్రమాద సంకేతం చాలదు. దీని తర్వాత మూడో సంగతి, డెండ్రిటిక్ కణం విడుదల చేసే ఐఎల్-12 లాంటి రసాయనాలు. ఆ టి కణం ఎలాంటి పనివాడు కావాలో అవి నిర్ణయిస్తాయి.

ఇక్కడ సీడీ4 టి కణం గురించి కాస్త నిలబడి చెప్పాలి. వైరస్ సోకిన కణాల్ని చంపే పేరంతా సీడీ8కి పోతుంది గానీ, సీడీ4 లేకపోతే అటు సీడీ8 జ్ఞాపకం నిలవదు, ఇటు బి కణం మంచి యాంటీబాడీ తయారుచేయలేదు. సీడీ4 కణం మీద సీడీ40 లైగాండ్ అనే అణువు ఉంటుంది. అది డెండ్రిటిక్ కణం మీది సీడీ40ని తట్టితే, ఆ డెండ్రిటిక్ కణానికి సీడీ8ని గట్టిగా తయారుచేసే సత్తా వస్తుంది. అదే అణువు బి కణం మీది సీడీ40ని తడితే, బి కణం ఐజీఎం (మొదట వచ్చే రకం యాంటీబాడీ) నుంచి ఐజీజీకి (తర్వాత వచ్చి నిలిచే రకానికి) మారుతుంది, యాంటీబాడీ పట్టుని పదును పెట్టుకుంటుంది. ఈ ఒక్క అణువు పుట్టుకతో లోపించిన మగపిల్లలుంటారు. వాళ్ల రక్తంలో ఐజీఎం మామూలుగానో ఎక్కువగానో ఉంటుంది, ఐజీజీ మాత్రం దాదాపు ఉండదు. పసితనం నుంచే మళ్లీమళ్లీ న్యుమోనియాలు. బి కణాలున్నాయి, టి కణాలున్నాయి, వాటి మధ్య కబురు లేదు. సహకారం అంటే ఏమిటో దీనికంటే స్పష్టంగా చూపించే జబ్బు లేదు.

బి కణం వ్యవహారంలో ఇంకో తిరకాసు ఉంది. అది తన మీది యాంటీబాడీతో వైరస్‌ని పట్టి, లోపలికి లాగి, ముక్కలు చేసి పైకి పెడుతుంది. ఆ ముక్కని గుర్తుపట్టే సీడీ4 కణం వచ్చి ఒప్పుకుంటేనే ముందుకెళ్తుంది. ఇద్దరూ ఒకే వైరస్‌ని వేర్వేరు కోణాల్లో చూసి ఉండాలన్నమాట. ఈ తనిఖీ వల్లే అనవసరమైన యాంటీబాడీలు తక్కువగా పుడతాయి.

ఒప్పుకోలు అయ్యాక వేగం చూడాలి. సీడీ8 కణం ఒక రోజులో చాలాసార్లు విభజన చెందుతుంది, ఒక్కటి వారంలో వేలల్లోకి వెళ్తుంది. సోకిన కణానికి అతుక్కుని, పర్‌ఫోరిన్ అనే ప్రొటీన్‌తో రంధ్రం చేసి, గ్రాంజైమ్‌లు అనే ఎంజైముల్ని లోపలికి పంపుతుంది. ఆ కణం తనంతట తాను ముడుచుకుని చనిపోతుంది. వైరస్ పోయాక ఈ సైన్యంలో నూటికి 90, 95 చచ్చిపోతాయి. మిగిలినవే జ్ఞాపక కణాలు.

ఇప్పుడు రెండోసారి సంగతి. డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి, మన దేశంలో నాలుగూ తిరుగుతున్నాయి. ఒక రకం వస్తే ఆ రకానికి చాలా ఏళ్లపాటు, బహుశా జీవితాంతం రక్షణ ఉంటుంది. మిగతా మూడింటికి కొన్ని నెలల రక్షణే. ఆ తర్వాత వేరే రకం వస్తే, పాత యాంటీబాడీలు కొత్త వైరస్‌కి అంటుకుంటాయి కానీ దాన్ని అచేతనం చేయలేవు. అంటుకున్న యాంటీబాడీ తోకని మోనోసైట్లు, మాక్రోఫేజ్‌లు అనే మింగుడు తెల్లకణాల మీద ఉండే ఎఫ్‌సీ గ్రాహకాలు పట్టుకుని లోపలికి లాగుతాయి. మామూలుగా ఇది మంచి సహకారమే. యాంటీబాడీ గుర్తు పెడుతుంది, మాక్రోఫేజ్ మింగి అరిగించేస్తుంది. కానీ డెంగీ పెరిగేది ఆ కణాల్లోనే. అరిగిపోయేలోపు సంచిలోంచి బయటపడి, లోపలే పెరుగుతుంది. మన సహకారమే దానికి వాహనం అయింది.

బ్యాంకాక్‌లో పిల్లల్ని చూసి ఈ సిద్ధాంతాన్ని నిలబెట్టిన పరిశోధకుడు స్కాట్ హాల్‌స్టెడ్. దానికి పెద్ద సాక్ష్యం క్యూబా. అక్కడ 1977లో మొదటి రకం వచ్చింది, పెద్దగా ప్రాణనష్టం లేదు. 1981లో రెండో రకం వచ్చింది: 3,44,203 కేసులు, 158 మరణాలు. నికరాగువా పిల్లల మీద జరిపి 2017లో ప్రచురించిన అధ్యయనంలో ఇంకా కచ్చితంగా తేలింది. యాంటీబాడీ అసలు లేనివాళ్లకి ముప్పు తక్కువ, బాగా ఉన్నవాళ్లకీ తక్కువ. యాంటీబాడీ మోతాదు 1:21 నుంచి 1:80 మధ్య (రక్తాన్ని ఎన్ని రెట్లు పలచన చేసినా యాంటీబాడీ దొరుకుతుందో చెప్పే లెక్క) ఉన్నవాళ్లకే తీవ్ర డెంగీ ముప్పు ఎక్కువ. మొదటిసారి డెంగీ వచ్చిన పసిబిడ్డలకి ఒక్కోసారి తీవ్రంగా ఉండటానికీ కారణం ఇదే: తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు తరిగి, ఆరు నుంచి తొమ్మిది నెలల వయసులో సరిగ్గా ఆ మధ్యస్థాయికి దిగుతాయి. పాత టి కణాలు కూడా కొత్త రకాన్ని గురి తప్పి కొట్టి చెరుపు చేస్తాయని ఒక వాదన ఉండేది. శ్రీలంకలో జరిగిన పరిశోధనలో బలమైన సీడీ8 స్పందన రక్షణకే తోడ్పడుతున్నట్టు కనిపించాక ఆ వాదన బలహీనపడింది. నా మొగ్గు కూడా యాంటీబాడీ వైపే. అయితే భయపడొద్దు, రెండోసారి వచ్చినవాళ్లలో కూడా ఎక్కువమందికి మామూలు జ్వరంగానే పోతుంది.

ముదిరినవాళ్లలో జరిగేదేమిటి? వైరస్ ఎక్కువగా పెరిగితే దాని ఎన్‌ఎస్1 ప్రొటీన్ రక్తంలో ఎక్కువగా చేరుతుంది. అది రక్తకేశనాళికల లోపలి పూతని చెడగొడుతుంది. దానికి తోడు మాస్ట్ కణాలు, మోనోసైట్లు వదిలే టీఎన్‌ఎఫ్ లాంటి వాపు రసాయనాలు కలుస్తాయి. గోడ వదులై ప్లాస్మా బయటికి కారుతుంది, పొట్టలోకీ ఊపిరితిత్తుల చుట్టూ చేరుతుంది. ఇది జ్వరం దిగే సమయంలో, అంటే 3 నుంచి 7వ రోజు మధ్య మొదలై, 24 నుంచి 48 గంటలు ఉంటుంది. జ్వరం విడిచింది కదా అని ఇంటికి తీసుకెళ్లిన రోజే ప్రమాదం మొదలవుతుంది. వైరస్ అప్పటికే తగ్గుతుంటుంది. ఆ దశలో స్టెరాయిడ్ ఇచ్చినా ఉపయోగం కనబడలేదు.

ఇప్పుడు రిపోర్టు చేతిలోకి తీసుకోండి. మొదట రోజులు లెక్కపెట్టండి. జ్వరం వచ్చిన మొదటి 24 గంటలు ఒకటో రోజు. ఎన్‌ఎస్1 ఒకటి నుంచి ఐదో రోజు దాకా పనికొస్తుంది. ఐజీఎం ఐదో రోజుకి దాదాపు 80 శాతం మందిలో, పదో రోజుకి దాదాపు అందరిలో కనిపిస్తుంది. రెండో రోజు ఐజీఎం నెగెటివ్ వస్తే దానికి ఏ విలువా లేదు, బి కణాలకి ఇంకా కబురే పూర్తిగా అందలేదు. ఏడో రోజు ఎన్‌ఎస్1 నెగెటివ్ వచ్చినా అంతే. రెండోసారి డెంగీలో ఇంకో చిక్కు: పాత యాంటీబాడీలు ఎన్‌ఎస్1ని పట్టేసుకోవడంవల్ల కార్డు టెస్ట్‌లో గీత పడకపోవచ్చు. ఐజీజీ మాత్రం జ్వరం మొదట్లోనే ఎక్కువగా పెరిగిపోతుంది, జ్ఞాపక కణాల పని అది. కార్డు మీద ఐజీజీ ఒక్కటే పాజిటివ్ వస్తే, ఇప్పుడు డెంగీ ఉందని కాదు. ఎప్పుడో వచ్చి ఉండొచ్చు, మెదడువాపు టీకా వేయించుకున్నవాళ్లకీ కనబడొచ్చు, ఎందుకంటే రెండూ ఒకే కుటుంబం వైరస్‌లు. కుదిరితే ఎలీసా (ల్యాబులో చేసే, కార్డు కంటే నమ్మదగ్గ పరీక్ష) చేయించండి.

సీబీపీలో (రక్తకణాలన్నిటినీ లెక్కపెట్టే పరీక్షలో) వరసగా చూడాల్సింది ఇది. ఉదాహరణకి రెండో రోజు తెల్లకణాలు 4,000, నాలుగో రోజు 2,300. అప్పటికి తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్ అనే రకం శాతం పడి, లింఫోసైట్లు (టి, బి కణాలు ఈ రకంలోవే) పెరిగి కనిపిస్తాయి. అప్పుడే రక్తపు స్మియర్‌ని (గాజు పలక మీద పలచగా పరిచిన రక్తాన్ని) లీష్మన్ స్టెయిన్ అనే రంగు వేసి మైక్రోస్కోపులో ఆయిల్ ఇమ్మర్షన్ కింద చూస్తే కొన్ని కణాలు కళ్లకి కడతాయి. మామూలు లింఫోసైట్ చిన్నగా, చుట్టూ సన్నటి నీలి అంచుతో ఉంటుంది. ఇవి పెద్దవి, ముదురు నీలం సైటోప్లాజం, అంచు పక్కనున్న ఎర్రకణాన్ని ఒరుసుకుని వంగినట్టుంటుంది. రిపోర్టులో రియాక్టివ్ లింఫోసైట్లు అని రాస్తారు. వీటిలో చాలా వరకు యాంటీబాడీ తయారుచేసే ప్లాస్మాబ్లాస్ట్‌లే. రెండోసారి డెంగీలో ఆరేడు రోజులకి ఒక్కోసారి రక్తంలోని లింఫోసైట్లలో 30 శాతం దాకా ఇవే ఉంటాయి. పైన చెప్పిన సహకారమంతా గాజు పలక మీద కనిపించేది ఇక్కడే. మెషీన్ వీటిని చూసి ఒక్కోసారి బ్లాస్ట్ కణాలని (లుకేమియాలో రక్తంలోకి వచ్చే పసికణాలని) అనుమానం రాస్తుంది. అది చూసి లుకేమియా అని గుండె దడ తెచ్చుకోకండి, స్మియర్ చూసినవాళ్ల మాట వినండి.

ప్లేట్‌లెట్ల సంఖ్యలో తప్పులు ఎక్కువ. ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా వాడే రసాయనం) ఉన్న ట్యూబులో కొందరి ప్లేట్‌లెట్లు గుంపు కడతాయి, మెషీన్ వాటిని లెక్కపెట్టదు, లక్ష ఉన్నవి 30 వేలని వస్తాయి. నీలం మూత సిట్రేట్ ట్యూబులో మళ్లీ తీయమనాలి, లేదా స్మియర్‌లో చూడమనాలి. సెలైన్ ఎక్కుతున్న చేతి నుంచే రక్తం తీస్తే అన్నీ పలచబడి ప్లేట్‌లెట్లూ, పీసీవీ (రక్తంలో ఎర్రకణాల వాటా ఎంత శాతమో చెప్పే సంఖ్య) రెండూ తక్కువగా వస్తాయి. పీసీవీ అలా తప్పుగా తగ్గి కనిపించడమే ఎక్కువ ప్రమాదం, కారుతున్న ప్లాస్మా కనబడకుండా పోతుంది. ఎప్పుడూ రెండో చేతి నుంచే తీయమనండి.

అందరూ ప్లేట్‌లెట్లు ఎంతని అడుగుతారు, నిజంగా అడగాల్సింది పీసీవీ ఎంత అని. మొదటి రోజులతో పోలిస్తే అది 20 శాతం పెరిగితే, అంటే 36 ఉన్నది 43, 44కి వెళితే, నీరు బయటికి పోతోందని అర్థం. ప్లేట్‌లెట్లు పడటానికి కారణాలు వేరు: మజ్జలో తయారీ తగ్గడం, యాంటీబాడీలు వాటికే అతుక్కోవడం, నాళాల గోడల దగ్గర ఖర్చయిపోవడం. రక్తస్రావం లేనివాళ్లకి 10 వేల లోపు పడేదాకా ఎక్కించాల్సిన అవసరం సాధారణంగా రాదు. ఎక్కించినవి కూడా కొన్ని గంటల్లో అదే దారిన పోతాయి.

ఇంట్లో చేయాల్సింది: ఓఆర్‌ఎస్, గంజి, కొబ్బరినీళ్లు, నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మూత్రం వచ్చేలా. జ్వరానికి పారాసిటమాల్ మాత్రమే: పిల్లలకి ఒక్కో మోతాదు కిలోకి 10 మిల్లీగ్రాములు, ఆరు గంటల ఎడంతో, పెద్దలకి రోజుకి 3 గ్రాములు దాటకుండా. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వద్దు, అవి ప్లేట్‌లెట్ల పనిని ఇంకా చెడగొడతాయి, కడుపులో రక్తం కారొచ్చు. కండకి సూదులు వేయించుకోకండి. కడుపునొప్పి తగ్గకపోవడం, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం కారడం, మత్తుగా లేదా చిరాగ్గా ఉండటం, చేతులూ కాళ్లూ చల్లబడటం, వీటిలో ఒక్కటి కనబడినా వెంటనే ఆస్పత్రికి. బొప్పాయి ఆకు రసం కొన్ని చిన్న పరీక్షల్లో ప్లేట్‌లెట్ల సంఖ్య పెంచినట్టు కనిపించింది, ప్లాస్మా కారడాన్ని ఆపినట్టు రుజువు లేదు. పైగా దాని చేదుకి వాంతులైతే అది మందు వల్లో జబ్బు ముదరడం వల్లో డాక్టరుకి తెలియకుండా పోతుంది.

చివరగా టీకా గురించి, మీరు అడగకపోయినా. డెంగ్వాక్సియా అనే టీకాని 2016లో ఫిలిప్పీన్స్‌లో లక్షలాది పిల్లలకి వేశారు. ముందెప్పుడూ డెంగీ రానివాళ్లలో అది మొదటి ఇన్‌ఫెక్షన్‌లా పనిచేసి, తర్వాత నిజమైన డెంగీ వచ్చినప్పుడు తీవ్రత ముప్పు పెంచుతుందని 2017 నవంబరులో తయారీ సంస్థే ప్రకటించింది. ఆ తర్వాత ముందు రక్తపరీక్ష చేసి, పాత డెంగీ ఆనవాళ్లు ఉన్నవాళ్లకే ఇవ్వాలన్నారు. టకేడా కంపెనీ రెండు డోసుల క్యూడెంగా టీకాని ఏడాదికి 5 కోట్ల డోసుల దాకా తయారుచేసేందుకు హైదరాబాద్‌లోని బయోలాజికల్ ఇ సంస్థతో 2024లో ఒప్పందం కుదుర్చుకుంది. మన దేశంలో తయారైన ఒక డోసు టీకా మూడో దశ పరీక్ష 2024 ఆగస్టులో పదివేలమందికి పైగా వలంటీర్లతో మొదలైంది. వాళ్లని రెండేళ్లపాటు గమనించేలా దాన్ని రూపొందించారు. టీకా యాంటీబాడీలు పెరిగినప్పుడు ఎవరైనా బాగానే ఉంటారు, అవి కాలంతో తరిగి ఆ మధ్యస్థాయికి దిగినప్పుడు ఏమవుతుందో చూడాలంటే అంత సమయం కావాలి.